విజిటర్ లెక్కల ప్లగిన్ తెచ్చిపెట్టే క్రాల్ హెచ్చరికలు: మూలం పట్టుకుని సరిచేసే పద్ధతి

కడియం నర్సరీ సైటు ఒకటి ఉందనుకుందాం. మొక్కల పేజీలు, ధరల పట్టీ, లారీ రవాణా వివరాలు అన్నీ కలిపి 140 పేజీలు. మీ సైటుని గూగుల్ ఎలా చూస్తోందో చెప్పే పరికరం సెర్చ్ కన్సోల్ తెరిస్తే మాత్రం ఇండెక్స్ కాని, అంటే గూగుల్ తన వెతుకుడు జాబితాలో చేర్చుకోని, పేజీలు 2,600 అంటోంది. ఆ జాబితాలో గులాబీ అంట్లూ లేవు, కొబ్బరి మొక్కలూ లేవు. అన్నీ ఎవరూ రాయని, ఎవరూ అడగని అడ్రసులే. సైటుకి వచ్చినవాళ్లను లెక్కపెట్టడానికి తగిలించిన ప్లగిన్ (అదనపు ప్రోగ్రాం) పుట్టించినవి అవి.

వాటిలో ఒకదాన్ని దగ్గరగా చూడండి. సైటు పేరు తర్వాత /డబ్ల్యూపీ-జేసన్/ ఉంటుంది. దాని వెనక ప్లగిన్ పేరు, ఆ వెనక 'హిట్' అనో 'ట్రాక్' అనో 'కలెక్ట్' అనో ఒక మాట. ప్రశ్నార్థకం దాటాక పేజీ రకం, పేజీ నంబరు, మనిషి ఎక్కడి నుంచి వచ్చాడన్న వివరం, చిట్టచివర 13 అంకెల సంఖ్య. ఆ సంఖ్య సమయం. 1970 జనవరి 1 నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో దాని లెక్క. 1718తో మొదలైతే ఆ అడ్రసు 2024 జూన్ 10, 21 తేదీల మధ్య పుట్టింది. ప్లగిన్ పెట్టిన తేదీతోనో, అప్‌డేట్ చేసిన తేదీతోనో పోల్చి చూస్తే దోషి ఎవరో సగం తేలిపోతుంది. సంఖ్య క్షణానికోసారి మారుతుంది కాబట్టి గూగుల్ కంటికి ప్రతిదీ కొత్త పేజీయే. కాలవలో గుర్రపుడెక్క లాంటి వ్యవహారం ఇది. పైపైన ఏరి గట్టున వేస్తే వారానికి మళ్లీ అల్లుకుంటుంది.

ఇక్కడ చెప్పేదంతా వర్డ్‌ప్రెస్ సైట్ల గురించి. ఆదేశాలు, ఫైలు పేర్లు పలికినట్టు తెలుగులో రాశాం. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్‌లో, దారులన్నీ చిన్న అక్షరాల్లో కొట్టాలి. రోబోట్స్ ఫైల్లో, అంటే ఏ దారుల్లోకి రావద్దో బాట్లకు (పేజీలు చదువుతూ తిరిగే ప్రోగ్రాములకు) చెప్పే ఫైల్లో, దారికి పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉంటుంది.

ముందు కంగారు పడాలో వద్దో తేల్చుకోండి

గూగుల్ పేజీలు తిరిగి చదవడమే క్రాల్; మీ సైటుకి అది వెచ్చించే సమయం క్రాల్ బడ్జెట్. 'క్రాల్ బడ్జెట్ అయిపోతుంది' అని భయపెట్టేవాళ్లు చాలామంది దొరుకుతారు. దాని గురించి గూగుల్ చెప్పే లెక్క వేరు. సుమారు 10 లక్షల పేజీలు దాటిన సైట్లు, లేదా 10,000 పేజీలు దాటి రోజూ మారిపోయే సైట్లు దాని గురించి ఆలోచించాలి. ఆత్రేయపురం పూతరేకుల దుకాణం సైటుకో, దిండిలో హోమ్‌స్టే సైటుకో ఆ బెంగ అక్కర్లేదు. 'ఇండెక్స్ కాలేదు' అన్న అంకె పెద్దదైనంత మాత్రాన మీ అసలు పేజీల ర్యాంకు పడిపోదు.

పట్టించుకోవాల్సినవి మూడే. జాబితాలో మీ అసలు పేజీలు కూడా కనిపించడం ఒకటి. సర్వర్ ఎర్రర్, అంటే 5తో మొదలయ్యే కోడ్లు రావడం రెండు. గూగుల్‌లో 'సైట్:' అని కొట్టి మీ డొమైన్ పేరు వేస్తే ఈ చెత్త అడ్రసులు ఫలితాల్లో తేలడం మూడు. ఈ మూడూ లేకపోతే పని తీరిగ్గా చేసుకోవచ్చు. సంక్రాంతి ఆర్డర్లు వచ్చే వారంలో మాత్రం సైటు మీద చెయ్యి వేయకండి.

హెచ్చరిక పేరును బట్టి కారణం

సెర్చ్ కన్సోల్‌లో 'పేజెస్' నివేదిక తెరిచి కిందికి వెళితే 'పేజీలు ఎందుకు ఇండెక్స్ కాలేదు' అన్న పట్టిక ఉంటుంది. ఒక్కో వరుస నొక్కితే 1,000 వరకు ఉదాహరణ అడ్రసులు ఇస్తుంది. వాటిని షీట్లోకి దించుకుని ప్రశ్నార్థకం ముందున్న భాగాన్ని బట్టి వర్గీకరించండి. రెండు వేల అడ్రసులు మూడో నాలుగో రకాలకు దిగిపోతాయి.

'బ్లాక్డ్ బై రోబోట్స్' అంటే రోబోట్స్ ఫైలు అడ్డుకుంది, గూగుల్ లోపలికి రాలేదు. అదే పేరు ముందు 'ఇండెక్స్డ్, దో' అని చేరితే వ్యవహారం వేరు. అడ్డుకున్నా సరే, అడ్రసును ఇండెక్స్‌లో పెట్టేసింది అని అర్థం. ఈ వరుస పై పట్టికలో కాకుండా పేజీ అడుగున 'ఇంప్రూవ్ పేజ్ అప్పియరెన్స్' కింద ఉంటుంది, అందుకే చాలామంది కంట పడదు.

401 (లాగిన్ కావాలి అనే కోడు) వస్తుంటే ఎవరో 'భద్రత కోసం' లాగిన్ కానివాళ్లకు జేసన్ దారి, అంటే పైన చూసిన /డబ్ల్యూపీ-జేసన్/, మొత్తం మూసేశారు. సెక్యూరిటీ ప్లగిన్లో ఆ టిక్కు ఉందేమో చూడండి. 403 (ప్రవేశం లేదు అనే కోడు) అయితే రెండు కారణాలు ఉండొచ్చు: ఫైర్‌వాల్, లేదా కాలం చెల్లిన నాన్స్. నాన్స్ సంగతి విడిగా చెప్తాం. 'అదర్ 4ఎక్స్ఎక్స్' కింద, తెర వెనక పనులకు వర్డ్‌ప్రెస్ వాడే ఫైలు అడ్మిన్-ఏజాక్స్.పీహెచ్‌పీ కనిపిస్తే అది 400. ప్లగిన్ ఆ ఫైలు అడ్రసును పేజీలో రాసి ఉంచుతుంది, గూగుల్ దాన్ని చూసి ఏ పనీ చెప్పకుండా నేరుగా తలుపు తడుతుంది, వర్డ్‌ప్రెస్ '0' అని ఒక్క అక్షరం ఇచ్చి 400 కోడుతో పంపేస్తుంది. దీనికి మందు అక్కర్లేదు. 'సాఫ్ట్ 404' అంటే ప్లగిన్ 'అంతా సవ్యం' అనే 200 కోడుతో ఖాళీ కాగితం ఇస్తోందని.

గూగుల్‌కి ఆ అడ్రసు ఎక్కడ దొరికింది

మీ మెనూలో లేదు, సైట్‌మ్యాప్‌లో లేదు. మరెలా తెలిసింది? గూగుల్‌బాట్ పేజీని క్రోమ్ బ్రౌజర్ లాగే తెరిచి స్క్రిప్టులన్నీ నడుపుతుంది. స్క్రిప్టులో అడ్రసు లాంటి మాట కనిపిస్తే అదీ నోట్ చేసుకుంటుంది.

లాగిన్ కాకుండా, ప్రైవేట్ విండోలో మీ హోమ్ పేజీ తెరవండి. కంట్రోల్-యూ నొక్కితే సోర్స్ వస్తుంది. అందులో ప్లగిన్ పేరు వెతకండి. స్క్రిప్టు లోపలి అడ్రసుల్లో స్లాష్ (/) ముందు వెనక్కి వాలిన గీత (\) ఒకటి చేరి ఉంటుంది కాబట్టి మొత్తం అడ్రసు అతికించి వెతికితే దొరకదు, ఒక్క మాటే వెతకాలి. రెండు చోట్ల దొరకొచ్చు: పేజీలోనే రాసేసిన చిన్న స్క్రిప్టులో, లేదా స్క్రిప్టులు నడవని బ్రౌజర్ల కోసం 'నోస్క్రిప్ట్' లోపల పెట్టిన కనపడని బొమ్మలో.

తర్వాత ఎఫ్12 నొక్కి 'నెట్‌వర్క్' ట్యాబ్‌లో 'ఫెచ్' వడపోత పెట్టి పేజీని రీలోడ్ చేయండి. ప్లగిన్ పంపే కబురు ఒక వరుసగా కనిపిస్తుంది. దాని పద్ధతి 'గెట్' అయితే వివరాలన్నీ అడ్రసులోనే అతికి ఉంటాయి, పోస్టుకార్డు వెనక రాసినట్టు. ప్రతి రాకకూ కొత్త అడ్రసు పుట్టేది ఇక్కడే. 'పోస్ట్' అయితే వివరాలు కవరు లోపల వెళతాయి, అడ్రసు ఎప్పుడూ ఒకటే.

సెర్చ్ కన్సోల్‌లో హోమ్ పేజీకి 'యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్' పెట్టి, లైవ్ టెస్ట్ చేసి, 'మోర్ ఇన్ఫో'లో పేజీ వనరులు చూడండి. ట్రాకింగ్ అడ్రసు 'లోడ్ కాలేదు' అని ఉంటే పర్వాలేదు. లెక్క పడకపోయినా పేజీ కనిపిస్తుంది. స్టైల్ ఫైళ్లు, మెనూ స్క్రిప్టులు ఆ జాబితాలో ఉంటే అది అసలు జబ్బు. 'అదర్ ఎర్రర్' అని ఒకసారి వచ్చి మరోసారి రాకపోతే వదిలేయండి.

అసలు పొరపాటు: గుమ్మానికి తాళం, బోర్డు లోపల

ఈ వ్యవహారంలో ఎక్కువమంది కాలు జారేది ఇక్కడే. చెత్త అడ్రసులు చూడగానే రోబోట్స్ ఫైల్లో /డబ్ల్యూపీ-జేసన్/ మొత్తానికి అడ్డుగీత గీస్తారు. రెండు వారాలకు 'ఇండెక్స్డ్, దో బ్లాక్డ్' హెచ్చరిక వస్తుంది. అడ్డుకుంటే ఎక్కువైందేమిటా అని తల పట్టుకుంటారు.

జరిగింది ఇది. వర్డ్‌ప్రెస్ జేసన్ దారిలో ఇచ్చే ప్రతి జవాబుకీ 'ఎక్స్-రోబోట్స్-ట్యాగ్: నోఇండెక్స్' అన్న హెడర్ తనంతట తానే జోడిస్తుంది. అడ్మిన్-ఏజాక్స్ జవాబుకీ అంతే. 'నన్ను ఇండెక్స్‌లో పెట్టకు' అని రాసిన బోర్డు అది. గూగుల్ లోపలికి వస్తేనే అది చదవగలదు. మీరు వీధి గుమ్మానికి తాళం వేశారు, బోర్డేమో హాల్లో గోడకి ఉంది. అడ్రసు మాత్రం బయట తెలుసు కాబట్టి అడ్రసు వరకు రాసుకుపోయింది. రోబోట్స్ ఫైలు రాకను ఆపుతుందే గానీ ఇండెక్స్‌ని ఆపదు. పోనీ రోబోట్స్ ఫైల్లోనే 'నోఇండెక్స్' అని రాద్దామా అంటే, ఆ మాటను గూగుల్ 2019 సెప్టెంబర్ 1 నుంచి లెక్కచేయడం మానేసింది.

కాబట్టి రెండింట్లో ఒకటే ఎంచుకోండి. మా మొగ్గు మొదటిదానికే: జేసన్ దారి మీద అడ్డుగీత తీసేయండి, గూగుల్‌ని రానివ్వండి. నోఇండెక్స్ చూసుకుని అదే తీసేస్తుంది. అడ్రసులు 'ఎక్స్‌క్లూడెడ్ బై నోఇండెక్స్' వరుసలోకి జరుగుతాయి. అది తప్పు కాదు, మీరు కోరుకున్నదే.

రెండోది, సర్వర్ బలహీనంగా ఉండి, రోజుకి వేలకొద్దీ ఇలాంటి రాకలు దాన్ని కుంగదీస్తుంటే. అప్పుడు ఆ ప్లగిన్ దారిని మాత్రమే, ఇరుకుగా, అడ్డుకోండి. కానీ ఇప్పటికే ఇండెక్స్‌లో చేరినవి ఉంటే ముందు కొన్ని వారాలు తలుపు తెరిచి ఉంచి, అవి పోయాక గీత గీయండి. ఫైల్లో ఇలా ఉండాలి:

యూజర్-ఏజెంట్: *
డిజ్అలౌ: /డబ్ల్యూపీ-అడ్మిన్/
అలౌ: /డబ్ల్యూపీ-అడ్మిన్/అడ్మిన్-ఏజాక్స్.పీహెచ్‌పీ
డిజ్అలౌ: /డబ్ల్యూపీ-జేసన్/ప్లగిన్-పేరు/
డిజ్అలౌ: /*రెస్ట్_రూట్=/ప్లగిన్-పేరు/

చివరి వరుస, పర్మాలింకులు (పేజీ అడ్రసుల రూపం) సాదాగా వదిలేసిన సైట్లకు. అక్కడ జేసన్ దారి ప్రశ్నార్థకం తర్వాత వస్తుంది. రెండు నియమాలు ఒకే అడ్రసుకి తగిలితే పొడవైనది గెలుస్తుంది. అడ్మిన్ ఫోల్డరు మూసినా ఏజాక్స్ ఫైలు తెరిచి ఉండేది అందుకే.

ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. ఫైల్లో గూగుల్‌బాట్ పేరు మీద ప్రత్యేకంగా ఒక విభాగం ఉంటే, గూగుల్ దాన్నే చదివి నక్షత్రం కింద రాసినవన్నీ వదిలేస్తుంది. 'నియమం పెట్టాం, పనిచేయట్లేదు' అన్న ఫిర్యాదుల్లో ఇది తరచూ తేలుతుంది. ఫైలు డొమైన్ మొదట్లోనే ఉండాలి. దుకాణం /షాప్/ ఫోల్డర్లో ఉందని రోబోట్స్ ఫైలు కూడా అక్కడే పెడితే దాన్ని చదివే నాథుడు లేడు. హోస్టింగ్‌లో నిజమైన ఫైలు ఉంటే వర్డ్‌ప్రెస్ తయారుచేసే ఫైలు పక్కకు పోతుంది కాబట్టి, ఎస్ఈఓ ప్లగిన్లో (గూగుల్ వెతుకులాటలో సైటు బాగా కనపడేలా చూసే ప్లగిన్లో) ఎంత మార్చినా బయట మారదు. బ్రౌజర్లో తెరిచి కళ్లతో చూసుకోవడమే నమ్మకం.

/డబ్ల్యూపీ-కంటెంట్/ప్లగిన్స్/ మొత్తం మూయమని ఎక్కడైనా సలహా కనిపిస్తే పాటించకండి. ఫొటోల స్లైడరు, మెనూ, ఆర్డర్ ఫారం ఫైళ్లన్నీ ఆ ఫోల్డర్లోనే ఉంటాయి. అవి దొరక్కపోతే గూగుల్‌కి మీ పేజీ తలుపుల్లేని ఇల్లులా కనిపిస్తుంది.

ప్లగిన్ లోపల మార్చాల్సినవి

ముందు డేటాబేస్ బ్యాకప్. తర్వాత ప్లగిన్ అప్‌డేట్. గెట్ నుంచి పోస్ట్‌కి మారిన కొత్త వెర్షన్ ఉంటే సగం సమస్య అక్కడే తీరుతుంది. ఆ తర్వాత జాబితాలో ఒకే ఒక్క 404 మిగలొచ్చు. పోస్ట్‌కి మాత్రమే పలికే దారిని గూగుల్ గెట్‌తో తడితే వర్డ్‌ప్రెస్ 'అలాంటి దారి లేదు' అని 404 ఇస్తుంది. ఉండనివ్వండి.

సెట్టింగుల్లో లెక్క ఎక్కడ కట్టాలో ఎంచుకునే వీలుంటే రెండు వైపులా ఆలోచించండి. సర్వర్ వైపు కడితే పేజీలో ఏ అడ్రసూ రాయదు, గూగుల్‌కి దొరికేదీ ఉండదు. కానీ కాష్ ప్లగిన్ (తయారైన పేజీ కాపీని దాచి, అదే అందరికీ ఇచ్చేది) ఉంటే కాష్ నుంచి వెళ్లిన పేజీలు లెక్కలోకి రావు. బ్రౌజర్ వైపు కడితే లెక్క సరిగ్గా ఉంటుంది, ఈ తలనొప్పి ఉంటుంది. కాష్ లేని చిన్న సైటుకి సర్వర్ వైపే హాయి. బాట్లను లెక్కించవద్దన్న టిక్కు తప్పక పెట్టండి. అది అడ్రసులు పుట్టడం ఆపదు గానీ డేటాబేస్ పట్టికలు ఉబ్బకుండా కాస్తుంది.

కొన్ని పాత ప్లగిన్లు జేసన్ దారి వాడకుండా తమ సొంత పీహెచ్‌పీ ఫైలుని బొమ్మలా పిలుస్తాయి. వాటికి వర్డ్‌ప్రెస్ నోఇండెక్స్ హెడర్ రాదు. అపాచీ, లైట్‌స్పీడ్ సర్వర్లలో హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో ఆ ఫైలు పేరుతో 'ఫైల్స్' విభాగం పెట్టి, లోపల 'హెడర్ సెట్ ఎక్స్-రోబోట్స్-ట్యాగ్ "నోఇండెక్స్"' అని రాయాలి. జేసన్ దారికి ఈ చిట్కా పనిచేయదు, అక్కడ ఆ పేరుతో ఫైలే లేదు.

ఇక నాన్స్. ప్లగిన్ కబురుతో పాటు పంపే గుర్తు అది, వర్డ్‌ప్రెస్‌లో దాని ఆయుష్షు 12 నుంచి 24 గంటలు. మీ కాష్ పేజీని మూడు రోజులు దాచి ఉంచితే, రెండో రోజు నుంచి వచ్చిన ప్రతివాడి చేతిలో చెల్లని టికెట్టే. సర్వర్ 403 ఇస్తుంది. మనుషుల లెక్కా పడదు, గూగుల్ నివేదికలోనూ 403లు పేరుకుంటాయి. కాష్ గడువు 10 గంటలకు దించండి. 'విజిటర్లు సగానికి పడిపోయారు' అన్న మొరకి కూడా చాలాసార్లు ఇదే కారణం.

సర్వర్ చతికిలపడుతుంటే

సెర్చ్ కన్సోల్ 'సెట్టింగ్స్'లో 'క్రాల్ స్టాట్స్' తెరవండి. గత 90 రోజుల లెక్క, దాని కింద హోస్ట్ స్థితి ఉంటాయి: రోబోట్స్ ఫైలు అందిందా, డీఎన్ఎస్ (సైటు పేరుని సర్వర్ నంబరుగా మార్చేది) పలికిందా, సర్వర్ తలుపు తీసిందా. మూడోది ఎర్రగా ఉంటే ఆ రోజుల సర్వర్ లాగ్ (రాకపోకల చిట్టా) తీయండి. లాగ్‌లో సమయం యూటీసీలో ఉంటే 5 గంటల 30 నిమిషాలు కలుపుకోండి.

ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో 508 కోడ్ కనిపిస్తే, మీకు కేటాయించిన ప్రాసెస్‌లు ఒకేసారి నిండిపోయాయని అర్థం. ప్రతి పేజీ రాకకూ పేజీ ఒకటి, లెక్క కబురు ఒకటి, రెండేసి పనులు పడుతున్నాయి. పైగా రెండోదాన్ని కాష్ నుంచి ఇవ్వలేరు, ప్రతిసారీ వర్డ్‌ప్రెస్ మొత్తం లేవాల్సిందే. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో (డేటాబేస్ తెరిచి చూసే పరికరంలో) పట్టికల సైజు చూడండి. సైటు కంటెంటు 20 ఎంబీ ఉండి విజిటర్ల పట్టిక 900 ఎంబీ ఉంటే వింతేమీ కాదు. ప్లగిన్లో ఉన్న శుభ్రం చేసే మీటతో 180 రోజులు దాటినవి తీసేయండి. వరుసలు తీసేసినా ఇన్నోడీబీ రకం పట్టిక డిస్కు మీద చిక్కదు, 'ఆప్టిమైజ్ టేబుల్' నడిపితేనే చోటు తిరిగి వస్తుంది. ఆ పని రాత్రిపూట పెట్టుకోండి.

గూగుల్‌బాట్ పేరు పెట్టుకుని వచ్చే దొంగ బాట్లు కూడా లాగ్‌లో ఉంటాయి. ఐపీ (వచ్చిన యంత్రం నంబరు) మీద రివర్స్ డీఎన్ఎస్, అంటే నంబరు నుంచి పేరు, చూస్తే పేరు గూగుల్‌బాట్.కామ్ లేదా గూగుల్.కామ్‌తో ముగియాలి. ఆ పేరుని తిరిగి వెతికితే అదే ఐపీ రావాలి. రెండూ కలిస్తేనే ఫైర్‌వాల్‌లో దారి ఇవ్వండి.

సరిచూసుకోవడం

మార్పులన్నీ అయ్యాక పేజీ కాష్, సీడీఎన్ (సైటు కాపీలను వేర్వేరు చోట్ల ఉంచే సర్వర్ల) కాష్ రెండూ ఖాళీ చేయండి. పాత స్క్రిప్టు కాష్‌లో ఉండిపోతే చేసిందంతా ఉత్తిదే. విండోస్ 10 కమాండ్ విండోలో 'కర్ల్ -ఐ' కొట్టి (ఇంగ్లిష్‌లో చిన్న ఐ కాదు, పెద్ద ఐ) ఒక చెత్త అడ్రసుని కోట్స్‌లో ఇవ్వండి. కోడు, ఎక్స్-రోబోట్స్-ట్యాగ్ రెండూ కనిపించాలి. కోట్స్ మరిచిపోతే అడ్రసు మధ్యలో తెగిపోయి తప్పు జవాబు వస్తుంది.

రోబోట్స్ ఫైలు మార్చి ఉంటే 'సెట్టింగ్స్'లోని రోబోట్స్ నివేదికలో మళ్లీ చదవమని అడగండి. అడగకపోతే గూగుల్ పాత కాపీని 24 గంటల వరకు వాడుకుంటుంది. స్క్రిప్టు ఫైళ్లనైతే గూగుల్‌లో పేజీని తెరిచి చూసే (రెండర్ చేసే) విభాగం 30 రోజుల వరకు దాచుకుంటుంది. అందుకే ప్లగిన్ అప్‌డేట్ చేసిన వారం తర్వాత కూడా పాత తరహా అడ్రసులు ఒకటీ అరా పుడితే ఆశ్చర్యపోకండి.

'వ్యాలిడేట్ ఫిక్స్' మీట ఆఖరున నొక్కండి. సాధారణంగా రెండు వారాల దాకా పడుతుంది, మధ్యలో ఒక్క అడ్రసులో పాత తప్పు కనిపించినా 'ఫెయిల్డ్' అని ఆపేస్తుంది. మీరే కావాలని రోబోట్స్‌తో అడ్డుకున్న వరుసకి అసలు నొక్కకండి. అది ఎప్పటికీ పాసవదు.

ప్లగిన్‌నే తీసేసినా పాత అడ్రసులను గూగుల్ నెలల తరబడి తట్టి చూస్తూనే ఉంటుంది, 404 అందుకుని వెళ్లిపోతుంది. వాటిని హోమ్ పేజీకి మళ్లించకండి. అలా చేస్తే అవి సాఫ్ట్ 404లుగా మారి ఇంకో వరుస తయారవుతుంది. 'రిమూవల్స్' పరికరం దాచేది 6 నెలలే, ఫలితాల్లో నిజంగా కనిపిస్తున్న ఒకటి రెండు అడ్రసులకి తప్ప దాని అవసరం లేదు.

నెల తిరిగాక 13 అంకెల సంఖ్యలను ఇంకోసారి చూడండి. జాబితాలో అన్నింటికంటే కొత్త సంఖ్య మీరు మార్పు చేసిన తేదీకి ముందుదైతే కొత్తవి పుట్టడం ఆగినట్టే. తర్వాతిదైతే ఏదో ఒక పేజీ, మొబైల్ థీమో పాత ల్యాండింగ్ పేజీయో, ఇంకా పాత స్క్రిప్టునే మోస్తోంది. అడ్రసులోని పేజీ నంబరు అదేదో చెప్పేస్తుంది.